ఒకే ఇంజెక్షన్, రెండు ధరలు: అమెరికాలో బయోసిమిలర్ ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

జనవరి మొదటి వారంలో స్పెషాలిటీ ఫార్మసీ నుంచి ఫోన్ వస్తుంది. "ఈ నెల మీ వాటా 1,315 డాలర్లు, కార్డు నంబర్ చెప్తారా?" అంటారు. డిసెంబర్‌లో ఇదే మందుకి పైసా కట్టలేదు. మందు మారలేదు, డోసు మారలేదు, డాక్టరూ మారలేదు. మారింది క్యాలెండర్ ఒక్కటే. ఆ టెన్షన్‌లో చాలామంది వేసే మొదటి ప్రశ్న, "దీనికి చవకగా దొరికే బయోసిమిలర్ లేదా?" అని. ఉంది. అసలు మందుకి సరితూగేలా వేరే కంపెనీ తయారుచేసే మందే బయోసిమిలర్. అయితే ఆ చవక ఎవరికి అన్నది చూసుకోవాలి. మీకు చవకైన మందు, మీ ఇన్సూరెన్స్ కంపెనీకి చవకైన మందు ఒకటే కాకపోవచ్చు. అమెరికాలో బయోసిమిలర్ ఎంపికలో గందరగోళమంతా దాదాపు అక్కడే పుడుతోంది.

ఉదాహరణకి అడాలిముమాబ్ తీసుకుందాం. రుమటాయిడ్ ఆర్థరైటిస్, సోరియాసిస్, క్రోన్స్ లాంటి జబ్బులకి సాధారణంగా రెండు వారాలకోసారి ఇంట్లోనే వేసుకునే ఇంజెక్షన్ ఇది. అసలు బ్రాండ్ పేరు హ్యుమిరా. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 2002 చివర్లో వచ్చింది. పేటెంట్ల కోట కట్టుకుని రెండు దశాబ్దాలు పోటీ లేకుండా గడిపింది. 2023 జనవరిలో ఆమ్జెన్ వాళ్ళ ఆమ్జెవిటా రావడంతో ఆ కోటకి తలుపు తెరుచుకుంది. ఆ ఏడాది జులైలో సిల్టెజో, హైరిమోజ్, హడ్లిమా, యుసిమ్రీ, హులియో వగైరా ఒక్కసారిగా దిగాయి. ఒకే మందుకి ఇన్ని బయోసిమిలర్లు ఉండటం వల్ల ధరల ఆట ఇందులో స్పష్టంగా కనబడుతుంది. 2025లో స్టెలారాకి పోటీగా వచ్చిన ఉస్టెకినుమాబ్ బయోసిమిలర్లకీ ఇదే లెక్క పనికొస్తుంది.

బయోసిమిలర్ అంటే జెనరిక్ కాదు. ఈ మందులు జీవకణాల్లో తయారవుతాయి కాబట్టి అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు. అయితే చికిత్సపరంగా చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని రుజువు చేస్తేనే ఎఫ్‌డీఏ అనుమతిస్తుంది. అందుకే ఇక్కడ పోలిక మందు గుణం గురించి కాదు, డబ్బు గురించి.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీ ఇంజెక్షన్ బిల్లు ఏ దారిలో వెళ్తోంది? ఇంట్లో మీరే వేసుకునేదైతే సాధారణంగా ఫార్మసీ బెనిఫిట్ కిందకి వస్తుంది. డాక్టర్ ఆఫీసులోనో ఆసుపత్రిలోనో వాళ్ళు ఎక్కించేదైతే మెడికల్ బెనిఫిట్. ఈ రెండు దారుల్లో మీ వాటా కట్టే లెక్క వేరు. ఇది తేలకుండా ధరలు పోల్చడం దండగ.

రెండోది, మందు తీసుకున్న ప్రతిసారీ మీరు కట్టే వాటా స్థిరమైన కోపేనా, శాతం లెక్కన కోఇన్సూరెన్సా? నెలకి 60 డాలర్ల కోపే ఉన్నవాళ్ళకి మందు లిస్టు ధర ఎంతైనా ఒకటే. శాతం లెక్క ఉన్నవాళ్ళకి ఆ ధరే సర్వస్వం.

మూడోది, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ డబ్బివ్వడం మొదలుపెట్టే ముందు మీరే కట్టాల్సిన మొత్తం) ఎంత, ఏడాదికి మీ చేతినుంచి పోయే గరిష్ఠ పరిమితి ఎంత, ఈ మందు కాకుండా మీ వైద్యఖర్చులు ఇంకేమున్నాయి? ఏటా ఏదో ఒక సర్జరీతోనో స్కాన్లతోనో ఆ పరిమితి దాటిపోయే ఇంట్లో మందు ధర ఏడాది మొత్తాన్ని పెద్దగా మార్చదు.

నాలుగోది, మీది ఉద్యోగం ద్వారా వచ్చిన ప్లానా, మెడికేరా (పెద్దవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్)? మీ వాటాలో కొంత తీర్చడానికి మందుల కంపెనీ ఇచ్చే కోపే కార్డు మెడికేర్, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్స్) వాళ్ళకి చట్టప్రకారం పనికిరాదు.

లిస్టు ధర మీది, రిబేటు వాళ్ళది

ప్రతి మందుకీ కంపెనీ ప్రకటించే లిస్టు ధర ఒకటి ఉంటుంది. ఆ తర్వాత కంపెనీ, ఇన్సూరెన్స్ తరఫున మందుల వ్యవహారం చూసే పీబీఎంకి కొంత డబ్బు వెనక్కి ఇస్తుంది. అదే రిబేటు. రిబేటు పోగా మిగిలేది అసలు ధర. మీ కోఇన్సూరెన్స్, మీ డిడక్టిబుల్ మాత్రం చాలా ప్లాన్లలో రిబేటుకి ముందు ధర మీదే పడతాయి. వెనక్కి వచ్చే డబ్బు మీ బిల్లు దాకా రాదు.

ఈ కిటుకు తెలిసిన కంపెనీలు ఒకే బయోసిమిలర్‌కి రెండు ధరలు పెట్టాయి. ఆమ్జెవిటా హ్యుమిరా కంటే 5 శాతం తక్కువకి ఒకటి, 55 శాతం తక్కువకి ఒకటి వచ్చింది. సిల్టెజో 5 శాతం తగ్గింపుతో బ్రాండ్ పేరు మీద వచ్చి, కొన్ని నెలలకి 81 శాతం తగ్గింపుతో బ్రాండ్ పేరు లేకుండా కూడా వచ్చింది. డబ్బా మీద బొమ్మ వేరు, లోపల మందు అదే. ఇదేం వ్యాపారం అనిపిస్తుంది కదా? కింద లెక్క చూస్తే అర్థమవుతుంది. నెలకి రెండు పెన్నులు (మందు నింపి వచ్చే ఇంజెక్షన్లు), మీ వాటా 20 శాతం, డిడక్టిబుల్ అయిపోయిందనుకుందాం. లిస్టు ధరలు 2023లో ప్రకటించినవి: ఎక్కువ ధర ఆమ్జెవిటాది, తక్కువ ధర హడ్లిమాది. రిబేట్లు బయటికి చెప్పరు కాబట్టి ఆ వరుసలో అంకెలు మాత్రం నేను ఊహించుకున్నవి.

| నెలకి, డాలర్లలో | ఎక్కువ లిస్టు ధర | తక్కువ లిస్టు ధర |
|---|---|---|
| రెండు పెన్నుల ధర | 6,576 | 1,038 |
| వెనక్కి వచ్చే రిబేటు (ఊహ) | 4,932 | 0 |
| మీరు కట్టేది | 1,315 | 208 |
| ఇన్సూరెన్స్‌కి చివరికి పడేది | 329 | 830 |
| ఇద్దరిదీ కలిపి | 1,644 | 1,038 |

మొత్తం మీద చవకైనది రెండోదే. ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం మొదటిదే లాభం. మిగతాదంతా మీ జేబులోంచి వెళ్తోంది మరి. ప్లాన్లవాళ్ళ వాదన ఏమిటంటే, రిబేట్ల డబ్బుతో అందరి ప్రీమియం తగ్గుతోందని. నిజమే కావచ్చు. అంటే జబ్బుమనిషి కట్టిన డబ్బుతో ఆరోగ్యంగా ఉన్నవాడి ప్రీమియం తగ్గుతోందన్నమాట. ఇన్సూరెన్స్ పుట్టింది దీనికి సరిగ్గా తిరగేసిన పని కోసం.

ఎదురుగా ఉన్న దారులు

*హ్యుమిరాతోనే ఉండిపోవడం.* 2023లో రెండు పెన్నుల లిస్టు ధర సుమారు 6,900 డాలర్లు. మీ ప్లాన్ ఇంకా దాన్ని కవర్ చేస్తూ, కోపే తక్కువగా ఉండి, ఒంటికి పడుతుంటే కంగారుపడి మార్చుకోవాల్సిన అవసరం లేదు. కానీ ఈ దారి మూసుకుపోతోంది. సీవీఎస్ కేర్‌మార్క్ 2024 ఏప్రిల్ 1 నుంచి తన ముఖ్యమైన కమర్షియల్ (ప్రైవేటు ప్లాన్ల) మందుల జాబితాల్లోంచి హ్యుమిరాని తీసేసింది. మిగతా పెద్ద పీబీఎంలూ అదే బాట పట్టాయి. మీకు ఉత్తరం వచ్చేదాకా ఆగితే ఎంచుకునే అవకాశం మీ చేతుల్లో ఉండదు.

*ఎక్కువ లిస్టు ధర ఉన్న బయోసిమిలర్.* శాతం లెక్కన కట్టేవాళ్ళకి ఇది అన్నిటికన్నా మోసపూరితమైనది. "బయోసిమిలర్‌కి మారాం" అన్న తృప్తి మిగులుతుంది, బిల్లు మాత్రం ఐదు శాతమే తగ్గుతుంది. ఒక సందర్భంలో పర్వాలేదు: కంపెనీ ఇచ్చే కోపే కార్డు బాగా పనిచేస్తున్నప్పుడు. దాని సంగతి కింద చెప్తాను.

*తక్కువ లిస్టు ధర ఉన్నది.* హడ్లిమా, బ్రాండ్ పేరు లేకుండా అమ్మే అడాలిముమాబ్‌లు ఈ కోవలోవి. డిడక్టిబుల్ ప్లాన్లవాళ్ళు ముందుగా అడగాల్సింది వీటినే. అడ్డంకి ఏమిటంటే, మీ ప్లాన్ జాబితాలో ఒకే కంపెనీ మందు రెండు ధరల్లో ఒకటే ఉండొచ్చు. పేరు ఒకటే కాబట్టి డాక్టర్ ఆఫీసులో కూడా తేడా పట్టుకోలేరు. ఫార్మసీని ఎన్‌డీసీ నంబర్ అడగండి. డబ్బా మీద ఉండే ఆ నంబరే ఏ ధరదో తేలుస్తుంది.

*పీబీఎం సొంత లేబుల్.* ఇది కొత్త పోకడ. సీవీఎస్ వాళ్ళు కోర్డావిస్ పేరుతో, సిగ్నా వాళ్ళు క్వాలెంట్ పేరుతో, ఆప్టమ్ వాళ్ళు నువైలా పేరుతో సొంత కంపెనీలు పెట్టి, తయారీదారుల మందుకి తమ లేబుల్ వేసి అమ్ముతున్నారు. కోర్డావిస్ హైరిమోజ్ లిస్టు ధర హ్యుమిరా కంటే 80 శాతం పైనే తక్కువ. క్వాలెంట్ ద్వారా వచ్చే అడాలిముమాబ్‌ని అర్హులైన రోగులకి సున్నా వాటాతో ఇస్తామని 2024లో ప్రకటించారు. సున్నా అంటే సున్నాయే, వద్దనడానికి నాకు కారణం కనబడదు. కాకపోతే మందు ఎంపిక చేసేది, అమ్మేది, డబ్బు చెల్లించేది అన్నీ ఒకే ఇంటివాళ్ళు అవుతారు. ఉద్యోగం మారి పీబీఎం మారితే ఆ లేబుల్ మీతో రాదు, మళ్ళీ మందు పేరు మారుతుంది.

*ఇన్సూరెన్స్ పక్కనబెట్టి నగదు.* 2023లో మార్క్ క్యూబన్ కాస్ట్ ప్లస్ డ్రగ్స్ అనే ఆన్‌లైన్ ఫార్మసీ యుసిమ్రీని రెండు పెన్నులకి 569.27 డాలర్లు, పైన పంపిణీ ఖర్చులతో అమ్మడం మొదలుపెట్టింది. చూడగానే "ఇక ఇన్సూరెన్స్ ఎందుకు" అనిపించే ధర. పన్నెండు నెలలకి గుణిస్తే 6,831 డాలర్లు. చాలా ప్లాన్లలో అది ఏడాది గరిష్ఠ పరిమితికి దగ్గరగానో దాటిపోయో ఉంటుంది. పైగా బయట కట్టిన డబ్బు సాధారణంగా డిడక్టిబుల్ లెక్కలోకి రాదు. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి, ప్లాన్ ఒప్పుకోనివాళ్ళకి, మధ్యలో ఒకట్రెండు నెలలు గడవాల్సినవాళ్ళకి ఇది వరం. మిగతావాళ్ళు లెక్క వేసుకున్నాకే.

ఎవరికి ఏది

కోపే ప్లాన్ ఉన్నవాళ్ళకి డబ్బు తేడా దాదాపు ఉండదు కాబట్టి సుఖం చూసుకోండి. సిట్రేట్ అనే పదార్థం కలపని మందు పొడిచినప్పుడు తక్కువ మండుతుంది. ఎక్కువ గాఢత ఉన్న మందులో లోపలికి వెళ్ళే పరిమాణం సగమే. చేతివేళ్ళు వాచి ఉన్న మనిషికి పెన్ను మీద బటన్ నొక్కాలా, చర్మానికి ఆనించి అదిమితే చాలా అన్నది కూడా చిన్న విషయం కాదు.

ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్ళలో చాలామంది హెచ్‌ఎస్‌ఏతో (వైద్యఖర్చులకి పన్ను లేకుండా డబ్బు దాచుకునే ఖాతా) వచ్చే ఎక్కువ డిడక్టిబుల్ ప్లాన్ తీసుకుంటారు. వయసులో ఉన్నప్పుడు అది మంచి ఎంపికే. ఇంట్లో ఒకరికి బయోలాజిక్ (ఇలా జీవకణాల్లో తయారయ్యే మందు) మొదలైతే మాత్రం లెక్క తిరగబడుతుంది. డిడక్టిబుల్ 3,000, ఆపైన 20 శాతం, గరిష్ఠ పరిమితి 6,000 అనుకోండి. 6,576 ధర మందుతో జనవరిలో 3,715, ఫిబ్రవరిలో 1,315, మార్చిలో మిగిలిన 970 కట్టి పరిమితికి చేరతారు. ఆ తర్వాత ఏడాదంతా సున్నా. 1,038 ధర మందుతో మొదటి మూడు నెలలకి 3,023, తర్వాత నెలకి 208 చొప్పున కట్టుకుంటూ పోతే ఏడాదికి సుమారు 4,891 డాలర్లు. అంటే ధరలో ఆరు రెట్ల తేడా ఉన్నా మీకు మిగిలేది పదకొండు వందలే. చవక మందుకి మారితే ఖర్చు ఆరోవంతు అవుతుందని ఆశపడేవాళ్ళకి ఇది చన్నీళ్ళు చల్లినట్టుంటుంది. జనవరిలో 3,715 బదులు 1,038తో గడవడం మాత్రం చిన్న ఊరట కాదు. ఇంట్లో ఇంకెవరికైనా పెద్ద వైద్యఖర్చు ఉండి పరిమితి ఎలాగూ దాటుతుందంటే, ఆ పదకొండు వందలు కూడా మిగలవు.

ఇప్పుడు కోపే కార్డు. మందుల కంపెనీ మీ వాటాలో చాలా భాగం తానే కడుతుంది, మీకు నెలకి ఐదో పదో పడుతుంది. కంపెనీ ఇంత ఉదారంగా ఎందుకు? మీ వాటా తీరిపోతే మిగతాది ఇన్సూరెన్స్ నుంచి వస్తుంది కాబట్టి. దీనికి ఇన్సూరెన్స్‌వాళ్ళు ఎత్తుకు పై ఎత్తు వేశారు. అక్యుములేటర్ అనే నిబంధన పెట్టి, కార్డు ద్వారా వచ్చిన డబ్బుని మీ డిడక్టిబుల్‌లో లెక్కపెట్టరు. కార్డులో డబ్బు ఏప్రిల్‌కో మే నెలకో అయిపోతుంది, అప్పుడు అసలు డిడక్టిబుల్ మొదటినుంచి మొదలవుతుంది. జనవరి షాక్ కాస్తా మే నెల షాక్ అవుతుంది. కొన్ని రాష్ట్రాలు దీన్ని నిషేధించాయి. అయితే పెద్ద కంపెనీలు సొంత డబ్బుతో నడిపే ప్లాన్లకి రాష్ట్ర చట్టాలు వర్తించవు. మనవాళ్ళలో ఎక్కువమంది ఉండేది అలాంటి ప్లాన్లలోనే. మీ ప్లాన్ పుస్తకంలో "అక్యుములేటర్", దాని లాంటిదే అయిన "మాక్సిమైజర్" అన్న మాటలు వెతకండి. హెచ్‌ఎస్‌ఏ ఉంటే ఇంకో మెలిక: మీ చేతినుంచి నిజంగా కట్టిందే డిడక్టిబుల్‌గా లెక్కకి రావాలన్నది అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వైఖరి.

మెడికేర్‌లో ఉన్న అమ్మానాన్నల సంగతి వేరు. గ్రీన్‌కార్డుతో వచ్చిన పెద్దవాళ్ళు 65 దాటి, వరసగా ఐదేళ్ళు ఇక్కడ ఉంటే ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరొచ్చు. ఇంట్లో వేసుకునే ఇంజెక్షన్ పార్ట్ డి (మెడికేర్‌లో ఫార్మసీ మందుల భాగం) కిందకి వస్తుంది. 2026కి పార్ట్ డిలో కవర్ అయ్యే మందుల మీద చేతినుంచి పోయేది 2,100 డాలర్లు దాటదు. ప్రామాణిక లెక్క ప్రకారం డిడక్టిబుల్ 615, తర్వాత 25 శాతం. ఎక్కువ ధర మందైతే జనవరిలోనే ఆ 2,100 మొత్తం అయిపోతుంది. తక్కువ ధర మందైతే జనవరిలో 721, తర్వాత నెలకి 260 చొప్పున కట్టుకుంటూ జులైకి అదే 2,100కి చేరతారు. ఏడాది మొత్తం ఒకటే, ఎప్పుడు కడతారన్నదే తేడా. నెలవారీగా సర్దుకోవడానికి ప్లాన్‌కి ఫోన్ చేసి మెడికేర్ ప్రిస్క్రిప్షన్ పేమెంట్ ప్లాన్‌లో చేర్చమని అడగొచ్చు. కాబట్టి పార్ట్ డిలో ఉన్నవాళ్ళు లిస్టు ధర గురించి బుర్ర బద్దలుకొట్టుకోకుండా, తమ మందు జాబితాలో ఉన్న ప్లాన్ ఏదో చూసుకుంటే చాలు.

డాక్టర్ దగ్గర ఎక్కించుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ సేవల భాగం). ఇక్కడ పద్ధతి నాకు నచ్చుతుంది. చెల్లింపు లిస్టు ధర మీద కాదు, రిబేట్లు తీసేశాక తేలిన సగటు అమ్మకం ధర మీద. తగ్గింపు రోగి దాకా వస్తుంది. అసలు మందు సగటు ధర 1,000, బయోసిమిలర్‌ది 500 అనుకుందాం. అసలు మందుకి మెడికేర్ లెక్క 6 శాతం కలిపి 1,060, మీ 20 శాతం 212. బయోసిమిలర్‌కి 500 మీద, అసలు మందు ధరలో 8 శాతం కలిపి 580, మీ వాటా 116. ఆ 8 శాతం 2022 చట్టం తాత్కాలికంగా పెంచింది, డాక్టర్లు బయోసిమిలర్ వైపు మొగ్గాలని. ఖరీదైన మందు వాడితే డాక్టర్‌కి 60 మిగిలే చోట, చవకది వాడితే 80 మిగులుతుంది. మెడిగ్యాప్ (మెడికేర్ వదిలేసిన వాటా కట్టే అదనపు ఇన్సూరెన్స్) ఉన్నవాళ్ళకి ఆ 20 శాతం చాలావరకు అదే కడుతుంది. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉంటే ముందు ఫలానా బయోసిమిలర్ వాడి చూడండి అనే షరతు ఉండొచ్చు. ఇంకొకటి, అదే ఇంజెక్షన్ ఆసుపత్రి విభాగంలో ఎక్కించుకుంటే మందు ధర కాక వేరే ఛార్జీలు కలుస్తాయి. కమర్షియల్ ప్లాన్లలో ఈ తేడా భారీగా ఉంటుంది. మందు మార్చే ముందు చోటు మార్చగలరేమో అడగండి.

విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకి ఇవేవీ వర్తించవు. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకి మామూలుగా డబ్బివ్వదు. వాళ్ళ వాడుకకి సరిపడా మందు ప్రిస్క్రిప్షన్‌తో సహా, చల్లదనం పోకుండా వెంట తెచ్చుకోవడమే దారి. ప్రపంచంలో మొదటి అడాలిముమాబ్ బయోసిమిలర్ 2014లో జైడస్ మన దేశంలోనే విడుదల చేసింది, అమెరికాలో మొదటిది మార్కెట్‌కి రావడానికి ఎనిమిదేళ్ళ ముందు.

మార్చుకునేటప్పుడు

"ఇంటర్‌ఛేంజబుల్" అని ముద్ర ఉన్న బయోసిమిలర్‌ని, రాష్ట్ర నిబంధనల ప్రకారం, ఫార్మసిస్టు డాక్టర్‌ని అడగకుండానే అసలు మందు బదులు ఇవ్వొచ్చు. ముద్ర లేనంత మాత్రాన మందు తక్కువరకం కాదు, కొత్త ప్రిస్క్రిప్షన్ కావాలి, అంతే. బయోసిమిలర్లలో అడాలిముమాబ్ అన్న పేరు చివర నాలుగు ఇంగ్లీషు అక్షరాల తోక ఉంటుంది, ఒక్కో కంపెనీకి ఒక్కోటి. డాక్టర్ రాసే చీటీలో ఆ తోక కూడా సరిగ్గా ఉండాలి. లేకపోతే ప్రయర్ ఆథరైజేషన్ (ప్లాన్ ఇచ్చే ముందస్తు అనుమతి) ఒక పేరు మీద, చీటీ ఇంకో పేరు మీద ఉండి వారం రోజులు ఫోన్లతోనే గడిచిపోతాయి. మా ఇంట్లో అలాగే ఒక డోసు తప్పింది. అప్పటినుంచి ఒక పెన్ను ఫ్రిజ్‌లో మిగిలి ఉండగానే మార్పు మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాం.

ఫార్మసీకి, ప్లాన్‌కి ఫోన్ చేసినప్పుడు ఇవి అడిగి, జవాబులు తేదీతో రాసిపెట్టుకోండి:

- మా జాబితాలో ఏ అడాలిముమాబ్‌లు ఉన్నాయి, ఒక్కోటి ఏ ఎన్‌డీసీ నంబర్‌తో?
- ఆ నంబర్‌కి ఇవాళ నా వాటా ఎంత, డిడక్టిబుల్ అయ్యాక ఎంత?
- కోపే కార్డు డబ్బు నా డిడక్టిబుల్‌లో కలుస్తుందా?
- ఇప్పుడున్న ప్రయర్ ఆథరైజేషన్ కొత్త మందుకి చెల్లుతుందా?

ఈ ఫోన్ నవంబర్‌లో, ప్లాన్ ఎంచుకునే గడువు ముగియకముందే చేయాలి. జనవరిలో చేస్తే మందు మార్చుకోగలరేమో గాని, ప్లాన్ మార్చుకోవడానికి సాధారణంగా మళ్ళీ ఏడాది ఆగాలి.